అజ్ఞాత వలయం

శుక్రవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, ఇరవై ఇద్దరు స్త్రీలు కుడిచేతులు పైకెత్తి ఎడమవైపుకు వంగి ఉన్న శుభసమయాన, యాంప్లిఫయర్‌కు ఎడమ గొంతు పడిపోయింది. పాటలోని దరువంతా ఆ గొంతులోనే ఉండేది. కుడి గొంతులో గాయని ఒక్కతే, తోడు లేక, ఏదో విరహం వెళ్ళబోసుకుంటోంది. విరహం విని ఎప్పుడు లేవాలో ఎవరూ నేర్పలేదు గనుక ఆ ఇరవై ఇద్దరూ వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు.

ముందుగదిలో పొద్దునా సాయంత్రం వ్యాయామం నేర్పే టీచరుకు, వెనకగదిలో ముప్పై ఏళ్ళుగా రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేస్తున్న మెకానిక్ స్వయానా భర్త. కనుక లోకం దృష్టిలో ఇది ఐదు నిమిషాల పని. మెకానిక్ దృష్టిలో లోకానికి ఎప్పుడూ బుద్ధి లేదు.

మూత విప్పగానే రోగం దాచుకోకుండా కనబడింది. ఎడమపక్క బోర్డు మీద వడ్లగింజంత రెసిస్టరొకటి, ఆర్ ఇరవై ఏడు అని పక్కన అచ్చువేసి ఉన్నది, నిలువునా మాడి బొగ్గయింది. విలువ తెలిపే రంగుచారలు కూడా దానితోపాటే కాలం చేశాయి.

"కుడిపక్క ఉంది కదండీ," అంది టీచరు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "రెండు పక్కలూ అచ్చం ఒకేలా ఉన్నాయి. బాగున్నదాన్ని చూసి అదే ఇటూ వేసేస్తే పోదూ?"

మెకానిక్ ఆమెను జాలిగా చూశాడు.

"పక్కవాడి పలక చూసి రాసే చదువు కాదిది. కుడిపక్క ఎవడు ఎప్పుడు కెలికాడో ఎవరికి తెలుసు? కంపెనీవాళ్ళు సర్వీసు మాన్యువల్ వేసుంటారు. అందులో సర్క్యూట్ పటం ఉంటుంది. పటంలో ఏముంటే అదే ప్రమాణం."

"ఆ కంపెనీ మూతపడి పాతికేళ్ళయిందని మీరేగా చెప్పారు?"

"కంపెనీ పోతుంది. పటం పోదు."

"పటం పోదు గానీ బావా, పటం కోసం మనం పోవాలి," అన్నాడు గుమ్మంలోంచి బావమరిది. ఇతడు టీచరుకు తమ్ముడు, మెకానిక్‌కు వాహనచోదకుడు, ఇద్దరికీ తలనొప్పి. "స్కూటరు తియ్యనా?"

"ఎక్కడికైనా పొండి," అంది టీచరు. "సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతోంది. ఆ పొద్దుటికి ఈ పెట్టె పాడాలి. పాడకపోతే పక్కవీధి క్లాసులో ఉన్నట్టు, రంగులైట్లు మెరిసే ప్లాస్టిక్ డబ్బా నేనూ తెచ్చుకుంటా. తెచ్చి ఎక్కడ పెడతానో తెలుసా? సరిగ్గా మీ పెట్టె నెత్తిన."

మెకానిక్ తన పెట్టెవైపు చూశాడు. పద్దెనిమిది కిలోల ఇనుమూ రాగీ, తన చేత్తో తోమి నిలబెట్టిన పెట్టె. దాని నెత్తిన మిణుకుమిణుకుమనే డబ్బా. దాన్ని రోజూ చూసి వెళ్ళే ఇరవై ఇద్దరు, వాళ్ళ ఇరవై ఇద్దరు భర్తలు, ఆ భర్తలు తన దగ్గరకు తెచ్చే రేడియోలు! సోమవారం నాటికి పోయేది క్లాసు ఒక్కటే కాదు. మెకానిక్ అన్న పేరు కూడా పోతుంది.

అన్వేషణ మొదట ఫోనులో సాగింది. ప్రపంచంలోని సమస్త సర్వీసు మాన్యువళ్ళూ ఉచితంగా ఇస్తామని ఒట్టుపెట్టే పేజీలు అక్కడ కోకొల్లలు. ఒక పేజీలో "దించుకోండి" అన్న బొత్తాలు నాలుగున్నాయి. నాలుగూ నాలుగు అబద్ధాలు. ఇంకొకటి, నువ్వు మనిషివేనా అని అనుమానించి, తొమ్మిది బొమ్మల్లో మెట్లున్నవాటిని వేలితో చూపమంది. మెకానిక్ చూపించాడు. మళ్ళీ చూపించమంది. మూడోసారికి అతనికే తన మనిషితనం మీద అనుమానం వచ్చింది. చివరికి అది కరుణించి, బట్టలుతికే యంత్రం వాడే విధానాన్ని ఎవరికీ రాని భాషలో నలభై పుటలు ప్రసాదించింది.

"ఇక లాభం లేదు," అన్నాడు మెకానిక్ గంభీరంగా. "బీరువాగారి దగ్గరికే పోవాలి."

బీరువాగారు రిటైరైన రికార్డు గుమాస్తా. ఇంట్లో నాలుగు ఇనప బీరువాలు, వాటిలో రెండువేల పైచిలుకు మాన్యువళ్ళూ పటాలూ, అరకొక వరస, వరసకొక నంబరు, నంబరుకొక కలరా ఉండ. ఆయన జన్మలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకోలేదు. ఆయన సొంత రేడియో పదకొండేళ్ళుగా మూగది. దాని మీద కుట్టుపువ్వుల గుడ్డ కప్పి ఉంచుతాడు. ఎవరైనా అడిగితే, "దాని మాన్యువల్ నా దగ్గర మూడు ప్రతులున్నాయి," అని గర్వంగా చెబుతాడు. బాగుచేయించవచ్చు కదా అని ఇంతవరకు అడిగినవాళ్ళు లేరు. అడిగితే మళ్ళీ తలుపు తీయడని అందరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం ఆ తలుపు నాలుగు వేళ్ళ సందు తెరుచుకుంది.

"చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్నామండి," అన్నాడు మెకానిక్.

"సబ్బుతోనా?"

"వంటికి కూడా రుద్దుకునే వచ్చామండి," అన్నాడు బావమరిది.

లోపల కూర్చోబెట్టి, రాకపోకల పుస్తకంలో సంతకాలు పెట్టించుకుని, బీరువాగారు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"నీక్కావలసినది నా దగ్గరుంది. నంబరు వెయ్యిన్నీ నూట నలభై ఏడు. నా దగ్గర లేనిది నువ్వేం తెచ్చావు?"

అదీ పటాలు పోగుచేసేవాళ్ళ మండలి ధర్మం. పటానికి పటమే మారకం. మెకానిక్ సంచి విప్పి, తన ఆస్తిని ఒక్కొక్కటే నేల మీద పరిచాడు. బీరువాగారు ముట్టుకోకుండానే తీర్పులు చెబుతూ పోయాడు.

"ఉంది. ఉంది. ఇదీ ఉంది. ఇది రెండో ముద్రణ, నా దగ్గర మొదటిదుంది. ఇది చిరిగింది. ఇది ఉంది, కానీ నీదాని అట్ట బాగుంది. అట్ట ఇస్తావా?"

సంచి అడుగున ఒకటి మిగిలింది. మెకానిక్ దాన్ని తీయలేదు. తీయకపోవడం చూసి బీరువాగారి కళ్ళు మెరిశాయి.

"అదేమిటి నాయనా?"

అది పాత స్పూల్ టేపురికార్డరు మాన్యువల్. కంపెనీ అచ్చువేసిన అసలు ప్రతి, నాలుగు మడతల పెద్దపటంతో సహా.

"బావా, అది మీ పెళ్ళికి ముందునుంచీ ఉన్నది కదూ?" అన్నాడు బావమరిది మెల్లగా. "మా అక్కకన్నా సీనియరు."

"నోరు ముయ్యరా."

మెకానిక్ ఆ పుస్తకాన్ని అత్తవారింటికి పంపే కూతురిలా రెండు చేతులా పట్టుకుని అప్పగించాడు. అప్పగించాక కూడా చేతులు కొంతసేపు గాలిలోనే ఉన్నాయి.

వెయ్యిన్నీ నూట నలభై ఏడు బయటికొచ్చింది. ఎక్కడో దొరికిన మసకజిరాక్సును బీరువాగారి అన్నగారి అమ్మాయి, డ్రాయింగు నేర్చుకున్నది, పలచటి కాగితం మీద నల్లసిరాతో గీతగీతకూ దిద్దింది. ఏదీ వదలలేదు. ఎంతగా వదలలేదంటే, పటం కింది మూలలో ఒక వలయం కూడా ఉంది. చక్కని గుండ్రం, ఒక్క పక్క మాత్రం లోపలికి చిన్న నొక్కు. దాని పక్కన బీరువాగారు ఎర్రసిరాతో "అజ్ఞాత భాగం?" అని రాసుకున్నాడు.

"పదకొండేళ్ళుగా ఆలోచిస్తున్నాను," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఏ తీగా దీన్ని తాకదు. దీన్నుంచి ఏ తీగా బయటికి పోదు. అంటే ఏమిటి?"

"ఏమిటండీ?"

"తీగతో పనిలేకుండానే పనిచేస్తోందన్నమాట!"

మెకానిక్ పటం మీదికి వంగి, ముప్పై ఏళ్ళ అనుభవాన్ని కళ్ళలోకి తెచ్చుకుని చూశాడు. "రక్షణవలయం అయ్యుంటుందండీ. లోపలి ధ్వని బయటికి చెదరకుండా. ఈ నొక్కు చూశారూ, ఇది ఊరికే పెట్టరు. దీని వెనక పెద్ద లెక్క ఉంటుంది."

"నాకైతే సున్నాలా కనిపిస్తోంది," అన్నాడు బావమరిది.

"నీ పరీక్షపేపర్ల మీద చూసి చూసి కళ్ళు అలవాటుపడ్డాయిలే," అన్నాడు మెకానిక్. బీరువాగారు చాలాకాలం తర్వాత నవ్వాడు.

ఇక్కడ ఆ మండలి రహస్యాచారం ఒకటి చెప్పుకోవాలి. పటం ఇచ్చే ప్రతివాడూ ఇచ్చేముందు అందులో ఒకచోట ఒక విలువను మార్చేస్తాడు. దాన్ని దొంగగుర్తు అంటారు. ఆ తప్పు మరెక్కడో మరొకరి పటంలో తేలితే, తన సొత్తు ఎవరి చేతుల మీదుగా జారిందో ఇట్టే తెలిసిపోతుంది. అయితే పుచ్చుకునేవాడు అన్యాయమైపోకూడదు కదా! అందుకని కాగితం చేతికిచ్చి, నిజాన్ని మాత్రం చెవిలో వేస్తారు. తప్పు ఎవరికీ హాని చేయని చోట పెట్టాలన్నది పెద్దల నియమం. వయసులో ఉన్నప్పుడు మన మెకానిక్‌కు ఈ నియమం మహా చప్పగా ఉండేది. "సెట్టు తగలబడితేనే దొంగ కేక వేస్తాడు, కేక వేస్తేనే దొరుకుతాడు," అని వాదించేవాడు. ఆ వాదనకు అప్పట్లో మంచిపేరే వచ్చింది.

బీరువాగారు మెకానిక్‌ను వంటింట్లోకి తీసుకుపోయి, కుళాయి తిప్పి, నీళ్ళచప్పుడు మాటున చెవిలో చెప్పాడు: "సి పద్నాలుగు కెపాసిటరు. పటంలో వంద అనుంది. నువ్వు పదిది వేసుకో."

"మీకు ముందువాళ్ళ గుర్తు?"

బీరువాగారు ఒక్క క్షణం తడబడ్డాడు. "ముందువాళ్ళెవరూ లేరు. నేరుగా కంపెనీనుంచే వచ్చిందనుకో."

దారిలో స్కూటరు వెనక కూర్చుని మెకానిక్ పటాన్ని చొక్కాలోపల గుండెకు ఆనించుకున్నాడు.

ఆదివారం పది గంటలకు బల్ల మీద పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు స్క్రూడ్రైవర్లు పెట్టి, మెకానిక్ వేలితో వెతికాడు. ఆర్ ఇరవై ఏడు: రెండువేల రెండువందల ఓములు. డబ్బాలోంచి ఎరుపు, ఎరుపు, ఎరుపు చారల రెసిస్టరు తీసి, పటానికి ఒకసారి చూపించి మరీ అతికాడు.

"బావా, ఆన్ చేసేముందు సీరీస్ బల్బు పెట్టవా?" అడిగాడు బావమరిది. ఎక్కడైనా తేడా ఉంటే సెట్టుకు బదులు ఆ బల్బు వెలిగి కాపాడుతుంది. అతను చిన్నప్పటినుంచీ ఆ గదిలో చూస్తూ పెరిగిన జాగ్రత్త అది.

"పటం చేతిలో ఉండగా బల్బెందుకురా? అది దిక్కులేనివాళ్ళకి."

స్విచ్చి వేశాడు. గాయని ఒక్కసారి గొంతు సవరించుకుంది. ఆ వెంటనే, రెండు రోజుల మౌనం తర్వాత, ఎడమపక్కనుంచి దరువు! ముందుగదిలో టీచరు చప్పట్లు కొట్టింది. నాలుగు దెబ్బలు పడ్డాయి. ఐదో దెబ్బ దరువుది కాదు.

పొగ పలచగా, తెల్లగా, ఎంతో మర్యాదగా లేచింది. పెద్ద ట్రాన్సిస్టర్లు రెండూ పోయాయి. వాటి వెనకే ఫ్యూజు పోయింది. ఈసారి గాయని కూడా పోయింది.

మెకానిక్ ప్లగ్గు పీకాడు. తర్వాత బావమరిది ఫోనులో లైటు వేసి, పెట్టెలోకి తల దూర్చాడు.

"బావా, కోప్పడకు. కుడిపక్క ఇదే చోట ఉన్నదానికి ఎరుపు, ఎరుపు, మట్టిరంగు. అంటే రెండువందల ఇరవయ్యేగా? నువ్వు వేసినది దానికి పదింతలు."

మాడిన రెసిస్టరుకూ దాని జవాబుకూ మధ్య దూరం నాలుగు వేళ్ళు. స్కూటరు మీద వెళ్ళి వచ్చిన దూరం పదకొండు కిలోమీటర్లు.

"శుక్రవారం నేనేం చెప్పాను?" అంది టీచరు గుమ్మంలో నిలబడి.

కానీ మెకానిక్ ఆ సమయంలో వినే స్థితిలో లేడు. అతనికి నిజం తెలిసిపోయింది. "దొంగగుర్తు! ఎవడో దుర్మార్గుడు ఆర్ ఇరవై ఏడు మీద గుర్తు పెట్టాడు! పెట్టడానికి వాడికి చోటే దొరకలేదా? సెట్టు ప్రాణం మీద పెడతాడా? మనిషన్నవాడు చేసే పనేనా ఇది?"

"దొరికితే ఏం చేస్తారేంటి?" అంది టీచరు.

"ఏం చేస్తానా? నీ క్లాసు ఆగిపోయింది వాడివల్లేగా. కొత్త ట్రాన్సిస్టర్లు పోస్టులో వచ్చేదాకా వాడే వచ్చి నీ క్లాసులో కూర్చుని తాళం కొట్టాలి. పొద్దునా సాయంత్రం. అందరి ముందూ! ఎంత పెద్దవాడైనా సరే!"

"తమ్ముడూ, విన్నావుగా?"

"విన్నానక్కా. ఎంత పెద్దవాడైనా సరే అన్నాడు."

టీచరు లోపలికెళ్ళి టీ తెచ్చింది. మెకానిక్‌కు ఎప్పుడూ ఒకటే గ్లాసు. ఎన్నడో బల్లమీదినుంచి పడి అడుగు ఒకపక్క సొట్టపోయిన స్టీలుగ్లాసు. పారేయబోతే పోట్లాడి దాచుకున్నది. అతను ఒక గుటక వేసి బల్ల మీద పెట్టబోయాడు. టీచరు చూపు పటం మూలన ఆగింది. అక్కణ్ణుంచి గ్లాసు మీదికి పోయింది. మళ్ళీ మూలకు వచ్చింది.

"ఆ గ్లాసు ఇలా ఇవ్వండి."

"తాగుతున్నానే!"

"ఇవ్వండి ముందు."

ఆమె గ్లాసును అజ్ఞాత భాగం మీద నిలబెట్టి, కొద్దిగా ఎడమకు తిప్పింది. సొట్ట వచ్చి నొక్కులో కూర్చుంది. వలయం పూర్తిగా కనబడకుండా పోయింది.

బావమరిది నేల మీద కూర్చుండిపోయాడు. నిలబడి అంత నవ్వు నవ్వడం కుదరలేదు.

మెకానిక్‌కు అప్పుడు ఒక్కొక్కటే జ్ఞాపకం రాసాగింది. ఇరవై ఏళ్ళ కిందట ఏదో బడిలోని సెట్టు బాగుచేస్తూ, దానికి మాన్యువల్ లేక, తానే బోర్డు చూసి తీగతీగా వెతికి ఒక పటం గీశాడు. ఆ కంపెనీ ఒకే పెట్టెను రెండు పేర్లతో అమ్మేది. ఆ పేరు వేరు, ఈ పేరు వేరు. గీస్తున్నప్పుడు టీ తాగాడు. ఆ తర్వాత, వయసు పొగరుతో, ఆర్ ఇరవై ఏడు మీద తన గుర్తు పెట్టి జిరాక్సుకు తీసుకెళ్ళాడు. జిరాక్సుకొట్టువాడు అన్నిటికిలాగే దానికీ ఒక ప్రతి ఎక్కువ తీసి అట్టేపెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి అది, గీసినవాడి పేరున్న అంచు చిరిగిపోయి, బీరువాలో నంబరై కూర్చుంది. కాగితం చేతులు మారింది గానీ నిజం ఏ చెవికీ చేరలేదు. అది ఒక్క తలలోనే ఉండేది. ఆ తల దాన్ని ఎప్పుడో పారేసుకుంది.

"ట్రాన్సిస్టర్లు ఎన్నాళ్ళకొస్తాయి?" అడిగింది టీచరు.

"తొమ్మిది రోజులు," అన్నాడు మెకానిక్, గ్లాసునే చూస్తూ.

"పొద్దున ఆరింటికి. ఆలస్యం చేయకండి."

సోమవారం కొత్త బ్యాచ్ వచ్చేసరికి ముందుగదిలో యాంప్లిఫయర్ పక్కన స్టూలు వేసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, మెకానిక్ కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో చెంచా, మరో చేతిలో బోర్లించిన ఆ సొట్టగ్లాసు.

"ఈయనెవరండీ?" అంది కొత్తగా చేరిన ఒకామె.

"మావారు. మా సౌండు సిస్టం," అంది టీచరు. "ఒకటి... రెండు... నడుం వంచండి. ఏవండీ, కాస్త స్పీడు!"

మొదటి మూడు రోజులు అతని చెంచా వ్యాయామానికి వెనకబడింది. నాలుగో రోజుకు దారిలో పడింది. ఆరో రోజుకు ఇరవై ఇద్దరూ ఇరవై ఆరుగురయ్యారు. పాటయితే ఆయాసపడేవాళ్ళకోసం ఆగదు, ఈయన ఆగుతాడని వాళ్ళలో వాళ్ళు చెప్పుకున్నారు. ప్లాస్టిక్ డబ్బా మాట మళ్ళీ రాలేదు.

పదోనాడు ట్రాన్సిస్టర్లు వచ్చాయి. మెకానిక్ కుడిపక్కను కళ్ళారా చూసి, ఎరుపు, ఎరుపు, మట్టిరంగు వేసి, సీరీస్ బల్బు పెట్టి, స్విచ్చి నొక్కాడు. బల్బు వెలగలేదు. గాయనికి ఆమె దరువు దక్కింది. వినగానే ముందుగదిలోంచి టీచరు ఒకటే మాట అంది: "ఇప్పుడు పటం గీయండి. ఒక్కటీ మార్చకుండా. మూత లోపల అతికించండి. ఈసారి మీరు మరిచిపోయినా పెట్టె మరిచిపోదు."

అతను గీశాడు. ఆమె పక్కనే కూర్చుని, ఒక్కొక్క విలువా పైకి చదివించుకుంది. ఆర్ ఇరవై ఏడు దగ్గర కలం ఆగింది. ఆమె దగ్గింది. రెండువందల ఇరవై అని పడింది.

వార్త ఎలా పొక్కిందో, మూడోనాటికి బీరువాగారు స్వయంగా వచ్చాడు. చేతులు కడుక్కునే వచ్చాడు. మూత లోపలి పటాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశాడు. మెకానిక్ అదే పటానికి ఒక ప్రతి తీసి ఆయన చేతికిచ్చాడు. మారకం ఏమీ అడగలేదు. బీరువాగారికి మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

"ఎక్కడ పెట్టావు?" అన్నాడు చెవి ముందుకు వంచి.

"ఎక్కడా పెట్టలేదండి. అన్నీ నిజమే."

బీరువాగారు కన్నుగీటాడు. "నా దగ్గరా? కుళాయి తిప్పమంటావా?"

"ఒట్టండీ. ఏమీ లేదు."

"బాగా దాచావన్నమాట. పాతవాడివి!" ఆయన మళ్ళీ కాగితంలో మునిగాడు. వేలు గీతలన్నీ తిరిగి, కింది మూలకు చేరి ఆగిపోయింది. ముఖం వాడిపోయింది.

"ఇందులో వలయం లేదే!"

"అది భాగం కాదండీ. అది..."

"ముఖ్యమైనదే వదిలేశావు! ఇది అసంపూర్ణం నాయనా. ఇలాంటిది నా బీరువాలో ఎలా పెట్టుకోను?" ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. పదకొండేళ్ళ ఆలోచన ఆ గొంతులో ఉంది.

మెకానిక్ చెప్పబోయి ఆగాడు. గుమ్మంలో టీచరు వైపు చూశాడు. విలువలన్నీ ఆమె ఇంతకుముందే చదివించుకుంది. మూల సంగతి ఆమె చదివించుకున్నవాటిలో లేదు. ఆమె చూపు కిటికీవైపు మరల్చుకుంది.

మెకానిక్ గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు. తడి అడుగును కాగితం కింది మూలన జాగ్రత్తగా ఆనించి, సొట్ట ఉన్న పక్కను కొద్దిగా కుడికి తిప్పి, ఒక్కసారి గట్టిగా నొక్కి తీశాడు.

బీరువాగారు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, తృప్తిగా తల ఊపాడు.

"నొక్కు దిక్కు మార్చావు," అన్నాడు మెల్లగా. "దీని వెనక ఏదో ఉంది."